క్రూయిజర్ సైకిలుకు ఇంజిన్: ముందు బ్రేకు, తర్వాత వేగం

పాత క్రూయిజర్ (లావు టైర్ల సైకిలు) ఫ్రేముకు చిన్న పెట్రోలు ఇంజిన్ బిగించడం గురించి పోయిన సంచికలో రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇంజిన్ పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. డెబ్భై ఏళ్ళ నాటి ఫ్రేము విరిగితే అలాంటిది మళ్ళీ దొరకదు. అందుకే ఇంజిన్‌కూ ఫ్రేముకూ పేచీ వచ్చిన ప్రతిచోటా నేను ఫ్రేము పక్షమే.

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారు తొక్కిన బెలూన్ టైర్ల క్రూయిజర్ నా దగ్గర ఉంది. దానికి ఇంజిన్ పెడతానంటే పాత సైకిళ్ళు సేకరించే మిత్రులు అపచారం అంటున్నారు. నిజంగా తప్పా?

జవాబు: తప్పు కాదు. ఆ సైకిళ్ళ చరిత్రలోనే ఇంజిన్ ఉంది. షికాగోకు చెందిన ష్విన్ కంపెనీ రెండు అంగుళాలకు పైగా వెడల్పున్న బెలూన్ టైర్లతో సైకిలు తెచ్చింది 1933లో. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1939లో, లాస్ ఏంజెలెస్‌లోని బ్రీన్-టేలర్ సంస్థ విజ్జర్ అనే ఇంజిన్‌ను అమ్మకానికి పెట్టింది. 138 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అది. మన దగ్గరున్న సైకిలుకే బిగించుకోవడానికి వీలుగా సామాన్లతో సహా వచ్చేది. మొదట్లో వెనుక టైరును రోలర్ ఒరుసుకుంటూ తిప్పేది, ఆపైన బెల్టు వచ్చింది. కాబట్టి మీరు చేయబోతున్న పని ఆ సైకిళ్ళు కొత్తగా ఉన్న రోజుల్లో ఎందరో చేసిందే.

అయితే ఇదే చరిత్ర ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. మిల్వాకీలో హార్లీ, డేవిడ్‌సన్ మిత్రులు 1903 నాటికి తయారుచేసిన తొలి ఇంజిన్ సుమారు 116 సీసీలది. సైకిలు తరహా ఫ్రేములో దాన్ని అమర్చారు. ఎత్తు ఎక్కాలంటే పెడల్ తొక్కక తప్పలేదు. ఇంజిన్‌ను సుమారు 405 సీసీలకు పెంచినప్పుడు వాళ్ళు సైకిలు ఫ్రేమును వదిలేసి, ఇంజిన్ చుట్టూ తిరిగి వచ్చే కొత్త ఫ్రేము చేశారు. సైకిలు ఫ్రేము ఎంత బరువు మోయగలదో, ఎంత అదురు ఓర్చుకోగలదో వాళ్ళకు అప్పుడే అర్థమైంది. మనం ఆ హద్దుకు ఇవతలే ఉండాలి. ఇప్పుడు దొరికే టూ స్ట్రోక్ కిట్లలో 48 సీసీలది చాలు. 80 అని రాసి అమ్మే వాటిలో చాలావరకు నిజానికి 66 సీసీలవే: సిలిండర్ వ్యాసం 47 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 38. మీరే లెక్క కట్టి చూసుకోవచ్చు.

మీ మిత్రులను సమాధానపరిచే దారి ఒకటుంది. ఏ పని చేసినా అది తిరిగి విప్పదగినదై ఉండాలి. రేపు ఇంజిన్ తీసేస్తే సైకిలు మళ్ళీ తాతగారి సైకిలుగా నిలబడాలి. వెల్డింగ్ వద్దు, బెజ్జాలు వద్దు, గొట్టాలను నొక్కడం వద్దు. పాత రంగు ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని గీకేయవద్దు.

ప్రశ్న: ఫ్రేము పైకి బాగానే కనిపిస్తోంది. ఇంజిన్ పెట్టడానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. చాలామంది ఇంజిన్ కొన్నాకే ఫ్రేము వంక చూస్తారు.

సైకిలును పూర్తిగా విప్పండి. పాత క్రూయిజర్లలో రెండు పెడల్ కాళ్ళూ మధ్య ఇరుసూ కలిపి ఒకే ఇనుప ముక్కగా ఉంటాయి. దాన్ని బయటికి తీయాలంటే ఎడమ పెడల్‌నూ ఎడమ పక్క నట్టునూ గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి. ఆ రెండింటి మరలూ తిరగబడి ఉంటాయి. ఇది తెలియక పానాకు గొట్టం తొడిగి బలమంతా పెట్టి మరలు చెడగొట్టినవాళ్ళను చూశాను. ఆ ఇరుసు వచ్చేశాక అర చేతిలో పట్టేంత పెద్ద రంధ్రం మిగులుతుంది. అందులోంచి టార్చి వేసి గొట్టాల లోపలికి చూడండి. పైపైన ఎర్రగా పొడిపొడిగా ఉన్న తుప్పు ఫరవాలేదు. పొరలు పొరలుగా లేచి, చిన్న సుత్తితో తడితే పెచ్చులు రాలుతుంటే ఆ ఫ్రేమును గోడకు అందంగా వేలాడదీయండి, ఇంజిన్ మాత్రం పెట్టకండి. సీటు గొట్టం అడుగున నీరు నిలుస్తుంది కనుక అక్కడ మరింత జాగ్రత్తగా చూడాలి.

తర్వాత అతుకులు. హ్యాండిల్ గొట్టానికి కింది గొట్టం కలిసే చోటు, పెడల్ ఇరుసు గూడు దగ్గర వెనుక కాళ్ళు మొదలయ్యే చోటు, వెనుక ఇరుసు కూర్చునే పలకలు. గుడ్డతో తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. రంగు మీద వెంట్రుక మందాన గీత కనిపించి, ఆ గీత వెంట తుప్పు కారిన మరక ఉంటే అది రంగు పగులు కాదు, లోహం పగులు. ఫోర్కును కూడా బయటికి లాగండి. కింది బేరింగ్ కూర్చునే మెడ దగ్గర పగులు ఉంటే ఆ ఫోర్కును మళ్ళీ వాడకూడదు. నడుస్తుండగా అది విరిగితే మనిషి ముఖం మీద పడతాడు.

ఫ్రేము వంగిందా అన్నది ఒక దారంతో తెలుస్తుంది. వెనుక ఒక పలకకు కట్టి, ముందుకు తెచ్చి హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పలకకు బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే సర్దుకోవచ్చు. అంతకన్నా ఎక్కువైతే ముందు ఫ్రేమును సరిచేయించాలి. వెనుక చక్రానికి రెండు పక్కలా రెండు చైన్లు, పెడల్‌ది ఒకటి, ఇంజిన్‌ది ఒకటి, రాబోతున్నాయి. వంకర ఫ్రేములో అవి రెండూ సూటిగా నడవవు.

ప్రశ్న: కిట్‌తో వచ్చిన ముందు బిగింపు మా సైకిలు గొట్టానికి పట్టడం లేదు. గొట్టానికి బెజ్జం వేసి బోల్టు దూర్చమని కాగితంలో రాశారు. చేయవచ్చా? మధ్యలో రబ్బరు ముక్క పెడితే అదురు తగ్గుతుందని ఒకరు చెప్పారు.

జవాబు: బెజ్జం వేయకండి. కాగితంలో ఎవరు రాసినా సరే, వేయకండి.

కిట్లను మామూలుగా 28.6 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపడేలా చేస్తారు. పాత క్రూయిజర్ల కింది గొట్టం కొన్నింటిలో లావుగా ఉంటుంది, కొన్నింటిలో వంపు తిరిగి ఉంటుంది. దాంతో పట్టు కుదరదు. గొట్టానికి అడ్డంగా బెజ్జం పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ గొట్టం గోడ మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే సెకనుకు 83 సార్లు కుదుపుతుంది. ఆ కుదుపంతా బెజ్జం అంచున కేంద్రీకరిస్తుంది. పగులు అక్కడే పుడుతుంది, గొట్టం చుట్టూ పాకుతుంది. పైగా బోల్టు తల కింద దాక్కుని ఉంటుంది కనుక చివరిదాకా మీకు కనిపించదు.

సరైన పని ఇది. మీ గొట్టం వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవండి. అదే కొలతకు రెండు అరముక్కలుగా ఉక్కు పట్టీ చేయించి, గొట్టం చుట్టూ బిగించి, ఇంజిన్ స్టడ్లు (ఇంజిన్‌లోంచి బయటికి వచ్చే తలలేని బోల్టులు) దానికి బిగిసేలా చూడండి. లేతు మీద పనిచేసే ఎవరికైనా ఇది చిన్న పనే. పట్టీకీ గొట్టానికీ మధ్య సన్నని అల్యూమినియం రేకు చుడితే రంగు కూడా దెబ్బతినదు. ఇంజిన్‌కూ పట్టీకీ మధ్య దూరం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పొడుగాటి స్టడ్లు త్వరగా తెగుతాయి.

రబ్బరు సంగతి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రబ్బరు మెత్తనిది కనుక ఇంజిన్ ఫ్రేములో కదులుతుంది. చైను లాగిన ప్రతిసారీ ఒరుగుతుంది. ఆ ఊగిసలాట భారం స్టడ్ల మీద పడి అవి తెగుతాయి. కార్లలో రబ్బరు మౌంట్లు పనిచేస్తాయంటే వాటిని ఆ ఇంజిన్ బరువుకూ అదురుకూ లెక్కకట్టి తయారుచేస్తారు. పాత ట్యూబు కత్తిరించిన ముక్క అలాంటిది కాదు. ఇంజిన్ ఫ్రేములో భాగమైపోయినంత గట్టిగా ఉండాలి. మరలకు పట్టు జిగురు వేసి బిగించండి. మొదటిసారి నడిపి వచ్చాక, ఇంజిన్ చల్లారాక, అన్ని నట్లనూ మళ్ళీ చూడండి. తర్వాత కూడా బయలుదేరే ముందు పానా పట్టుకుని ఒక చుట్టు తిరగడం అలవాటు చేసుకోండి.

ఇంజిన్ ఫ్రేములో పడుతుందో లేదో కొనకముందే తెలుసుకోవాలంటే, దాని కొలతలకు అట్టముక్క కత్తిరించి ఫ్రేము మధ్యలో పెట్టి చూడండి. స్పార్క్ ప్లగ్ విప్పడానికి పైన చోటు ఉందా, పెడల్ తిరిగేటప్పుడు కాలు సైలెన్సర్‌కు తగులుతుందా అన్నవి కూడా ఆ అట్టతోనే తేలిపోతాయి.

ప్రశ్న: వెనుక చక్రానికి పెద్ద పళ్ళ చక్రాన్ని స్పోకులకే రబ్బరు బిళ్ళలతో బిగించమంటున్నారు. మా చక్రానికి 28 స్పోకులే ఉన్నాయి. అది కుదురుగా తిరగడం లేదు.

జవాబు: కుదరదు, అది మీ చేతి లోపం కాదు. ఆ పద్ధతిలో తొమ్మిది బోల్టులు ఉంటాయి. 36 స్పోకుల చక్రంలో ఎడమ పక్క 18 ఉంటాయి, రెండేసి స్పోకుల సందుకు ఒక బోల్టు చొప్పున తొమ్మిది సరిగ్గా కూర్చుంటాయి. 28 స్పోకుల చక్రంలో ఒక పక్క 14 మాత్రమే ఉంటాయి. బోల్టులకు చోటు సమంగా దొరకదు. మీకు రెండు దారులున్నాయి: 36 స్పోకుల చక్రం కట్టించుకోవడం, లేదా చక్రం మధ్యనుండే హబ్‌నే చుట్టి పట్టుకునే బిగింపు వాడి దానికి పళ్ళ చక్రాన్ని బోల్టు చేయడం. నాకు రెండోది ఇష్టం. లాగుడు భారం స్పోకుల మధ్యభాగం మీద కాకుండా హబ్ మీద పడుతుంది. చక్రం ఎలాగూ కట్టిస్తుంటే మామూలు 2 మిల్లీమీటర్ల స్పోకుల బదులు 2.6 మిల్లీమీటర్లవి వేయించండి.

కోస్టర్ హబ్ (వెనక్కి తొక్కితే బ్రేకు పడేది) అయితే ఎడమ పక్క బ్రేకు చేయి బోల్టు తలలకు తగులుతుందేమో చేత్తో తిప్పి చూడండి. పళ్ళ చక్రం అడ్డంగా గానీ నిలువుగా గానీ మిల్లీమీటరుకు మించి ఊగకూడదు. ఊగితే చైను ఒకచోట బిగిసి, ఇంకోచోట వేలాడుతుంది.

ఇక చైను బిగువు. కిట్‌తో ఒక చిన్న రోలర్ వస్తుంది. దాన్ని వెనుక ఎడమ కాలి గొట్టానికి బిగించమంటారు. ఆ బిగింపు జారి రోలర్ స్పోకుల్లోకి వాలిందంటే చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. ఈ సైకిళ్ళలో జరిగే ప్రమాదాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. వీలైతే ఆ రోలర్ అవసరమే లేకుండా చేసుకోండి. పాత క్రూయిజర్ల వెనుక పలకల్లో పొడుగాటి గాడి ఉంటుంది, అది మన అదృష్టం. చక్రాన్ని వెనక్కి లాగితే రెండు చైన్లూ ఒకేసారి బిగుస్తాయి. ఒకటి బిగిసి ఇంకొకటి వదులుగా ఉంటే, వదులుగా ఉన్నదాని నుంచి సగం లింకు తగ్గించండి. సగం లింకు అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను రెండు వరసలుగా నడుస్తుంది కనుక ఇరుసు దగ్గర అది సుమారు ఆరు మిల్లీమీటర్ల తేడా అవుతుంది. ఓపికగా చేస్తే రెండూ కుదురుతాయి. చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం కదలాలి. చైను కలిపే క్లిప్పు మూసిన వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి.

ప్రశ్న: వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఉంది. బాగా పట్టుకుంటోంది. అది సరిపోదా?

జవాబు: సరిపోదు.

110 కిలోల బరువు, అంటే మీరూ సైకిలూ ఇంజిన్ కలిపి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఆపడానికి పోగొట్టాల్సిన శక్తి సుమారు 1,700 జౌళ్ళు. 40 కిలోమీటర్లకు అది 6,800. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. కోస్టర్ బ్రేకును మనిషి కాలి వేగం కోసం చేశారు. ఆ వేడంతా పిడికిలంత హబ్‌లో పుడుతుంది. పొడుగాటి దిగుడులో గ్రీజు కాగి పొగ వస్తుంది, పట్టు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, పెడల్ చైను ఊడితే ఆ బ్రేకు లేనట్టే. కొత్తగా ఇంజిన్ అదురు తోడైన సైకిలులో చైను ఊడే అవకాశం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ముందు చక్రానికి బ్రేకు తప్పనిసరి. రిమ్‌ను పట్టే బ్రేకు చవకే, కానీ పాత క్రోమ్ ఉక్కు రిమ్ తడిస్తే రబ్బరు జారిపోతుంది. వానలో ఆ బ్రేకు పట్టేలోగా వెళ్ళాల్సినంత దూరం వెళ్ళిపోతారు. అందుకే నేను డ్రమ్ బ్రేకు హబ్ వేయమంటాను. స్టర్మీ-ఆర్చర్ అనే కంపెనీ 70, 90 మిల్లీమీటర్ల డ్రమ్ములతో ముందు హబ్‌లు చేస్తుంది. 90 మిల్లీమీటర్లది తీసుకోండి. దాని చేయిని ఫోర్కు కాలికి పట్టీతో కట్టాలి, బ్రేకు బలమంతా ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. ఫోర్కు గురించి ముందు అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఇంజిన్ ఆపే స్విచ్చును బొటనవేలికి అందేచోట పెట్టండి. యాక్సిలరేటర్ తీగ ఇరుక్కుపోయిన రోజున వెతుక్కునే వ్యవధి ఉండదు. బ్రేకులు రెండూ సిద్ధమయ్యాకే ఇంజిన్ పెట్టెను విప్పండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ప్రశ్న: పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలి? ఒకరు 16కు ఒకటి అంటారు, ఇంకొకరు 32కు ఒకటి అంటారు. ఎక్కువ వేస్తే ఇంజిన్‌కు మంచిదేనా?

జవాబు: లీటరు పెట్రోలుకు లెక్క చెబుతాను. 16కు ఒకటి అంటే 62 మిల్లీలీటర్లు. 25కు ఒకటి అంటే 40. 32కు ఒకటి అంటే 31. కొత్త ఇంజిన్ అరుగుదల కుదురుకునేదాకా తయారీదారు కాగితంలో ఉన్న నిష్పత్తి వాడండి, అది మామూలుగా 16 గానీ 20 గానీ ఉంటుంది. ఆ తర్వాత మంచి ఆయిలుతో 25 నుంచి 32 మధ్య నేను సిఫారసు చేస్తాను. గాలితో చల్లబడే ఇంజిన్లకు చేసిన టూ స్ట్రోక్ ఆయిలే కొనండి. పడవ ఇంజిన్ల ఆయిలు దీనికి కాదు.

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోవద్దు. కార్బ్యురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) ఒక పరిమాణంలో ద్రవాన్నే వదులుతుంది. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గినట్టే. అంటే గాలితో కలిసే పెట్రోలు తక్కువై, మిశ్రమం పలుచబడి ఇంజిన్ మరింత వేడెక్కవచ్చు. కాపాడుతుందనుకున్నదే కాల్చేస్తుంది.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. 44 పళ్ళ చక్రం తీసి 36 పళ్ళది వేస్తే ఎంత వేగం వస్తుంది?

జవాబు: లెక్క నేర్పుతాను బాబూ, నువ్వే వేసుకో. ఇంజిన్ లోపలి గేర్లు 4.1 రెట్లు వేగం తగ్గిస్తాయి. బయటి చిన్న చక్రానికి 10 పళ్ళు. వెనుక 44 అయితే మొత్తం 4.1ని 4.4తో గుణించాలి, సుమారు 18. ఇంజిన్ 5000 చుట్లు తిరిగితే వెనుక చక్రం నిమిషానికి 277 తిరుగుతుంది. 26 అంగుళాల బెలూన్ టైరు చుట్టుకొలత దాదాపు 2.07 మీటర్లు. అంటే గంటకు 34 కిలోమీటర్లు. 36 పళ్ళయితే అదే ఇంజిన్ వేగానికి 42.

ఆ ఎనిమిది కిలోమీటర్ల కోసం ఎత్తు ఎక్కే బలం అయిదో వంతు పోతుంది, క్లచ్ వదిలి కదిలేటప్పుడు మరింత తొక్కాల్సి వస్తుంది. ఆపాల్సిన శక్తి యాభై శాతం పెరుగుతుంది. పై లెక్క మళ్ళీ చూడు. 44 ఉంచుకో. ఇంకో మాట, ఇంజిన్ బిగించాక చాలాచోట్ల చట్టం దాన్ని సైకిలుగా చూడదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవి కావాలో మీ పెద్దవాళ్ళతో వెళ్ళి రవాణా అధికారులను ముందే అడుగు. హెల్మెట్ మాత్రం ఎవరినీ అడగాల్సిన పని లేకుండా పెట్టుకోవాలి.

ప్రశ్న: పాత టైరు మీద 26 × 1¾ అని ఉంది. 26 × 1.75 టైరు కొని తెస్తే రిమ్‌కు ఎక్కడం లేదు. రెండూ ఒకటే కదా?

జవాబు: అంకెల్లో ఒకటే, రిమ్‌లో కాదు. భిన్నంలో రాసిన 26 × 1¾ ష్విన్ వారి సొంత కొలత, ఎస్-7 రిమ్‌ది. దాని అంచు వ్యాసం 571 మిల్లీమీటర్లు. దశాంశంలో రాసిన 1.75 టైరు 559 మిల్లీమీటర్ల రిమ్‌కు చేసింది. పన్నెండు మిల్లీమీటర్ల తేడా. టైరు లివర్లతో బలవంతంగా ఎక్కించే ప్రయత్నం చేయకండి, టైరు అంచులోని తీగ తెగితే అది నడిరోడ్డు మీద ఊడిపోతుంది. మీరు ఎలాగూ డ్రమ్ హబ్ కోసం ముందు చక్రం, 36 స్పోకుల కోసం వెనుక చక్రం కట్టించుకోబోతున్నట్టయితే రెండూ 559 రిమ్‌లతో కట్టించుకోండి. 26 × 2.125 బెలూన్ టైర్లు వాటికి సులువుగా దొరుకుతాయి. పాత ఎస్-7 చక్రాలను నూనె గుడ్డతో తుడిచి, ఫ్రేము నుంచి తీసిన మిగతా సామాన్లతో పాటు భద్రంగా దాచండి. టైరు కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న అంగుళాలు కాదు, పక్కన చిన్నగా అచ్చైన 559 అన్న అంకె చూసి డబ్బు ఇవ్వండి.